ఢిల్లీ చలికి మా మూటముల్లె

మా ఎర్రగుంట్లలో పుట్టి పెరిగినవారికి ఎండను గూర్చి ఒకరు చెప్పనక్కరలేదు. ఊరి చుట్టును నాపరాతి గనులు, ఆ రాతిని కోసి నునుపు చేయు కార్ఖానాలు, అవతల సిమెంటు ఫ్యాక్టరీల పొగగొట్టములు. వైశాఖమాసమున మిట్టమధ్యాహ్నము గని గట్టున నిలిచినచో క్రిందినుండి రాయియు, మీదినుండి ఎండయు పోటీపడి కాల్చును. ఇండ్లలో నేలయంతయు నాపరాయియే కనుక దానిపై వట్టికాళ్ళతో తిరుగుటయు, వేసవి పగళ్ళలో చాప కూడ పరచుకొనక మేను వాల్చుటయు మాకు సుఖము. మాకు చలి యనగా ధనుర్మాసమున తెల్లవారుజామున వాకిట ముగ్గు వేయునంతసేపు పైట నిండుగా కప్పుకొనుట మాత్రమే. ఇట్టి ఊరినుండి డెబ్బదియేండ్ల అత్తగారిని వెంటబెట్టుకొని 2024 జనవరిలో మేము ఢిల్లీకి పోవలసివచ్చినది. ఆ ప్రయాణమునకు ఏమేమి బట్టలు మూటగట్టితిమో, వానిలో ఏవి అక్కరకు వచ్చినవో, ఏవి మమ్ము సిగ్గుపడజేసినవో సోదరీమణులకు తెలిపినచో, ఇకముందు పోవువారికి కొంత మేలు కలుగునని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా పెద్దపాప ప్రొద్దుటూరులో డిగ్రీ చదువుచు ఎన్.సి.సి.లో చేరినది. ఒకదాని వెనుక ఒకటిగా పెట్టిన శిబిరములన్నిటిలో నెగ్గి, జనవరి 26వ తేదీని ఢిల్లీలో జరుగు గణతంత్ర దినోత్సవపు కవాతులో నడచుటకు ఎంపికైనది. ఆ కబురు వచ్చిన సాయంకాలమే మా అత్తగారు, "నేను సూడాల. ఈ కండ్లతో సూడాల" అని నడవలో చతికిలబడిరి. ఆమెకు ఇరువదియేండ్లుగా ఆయాసము కలదు. చలిగాలి సోకినచో ఊపిరి బిగియును. వైద్యుని అడుగగా, "చలి ఒంటికి తగులనీయకుండ చూచుకొనగలిగినచో తీసికొనిపొండు, లేనిచో ఇంటిలో టెలివిజనులో చూపుడు. ఢిల్లీలో ఆ దినములలో మంచుతోబాటు పొగయు కలిసి నేలనంటి యుండును" అని చెప్పెను. కావున ఈ మూట కట్టుట మాకు ముచ్చట కొరకు కాలేదు. అది సరిగా కుదిరినచో ఆమె ప్రయాణము సాగును, కుదరనిచో ఆగిపోవును.

మా వీధిలో ఒక సైనికుని ఇల్లాలు కలదు. భర్తతోకూడ ఢిల్లీ కంటోన్మెంటులో కొన్నియేండ్లు కాపురముండి వచ్చినది. మేము ఆమెయొద్దకు పోయి కూర్చుంటిమి. ఆమె మొదట చెప్పిన మాట యిది: "అక్కడ జనవరిలో రాత్రులు 7, 8 డిగ్రీలకు దిగును. మంచు కమ్మిన దినములలో అంతకన్నను దిగును. పగలైనను సూర్యుడు కానరాడు. మీరు బయటి చలికి మాత్రమే భయపడుచున్నారు. అక్కడి ఇండ్లలో వెచ్చజేయు ఏర్పాటులు అరుదు. గదిలోనను చలియే, నేల మీద కాలు పెట్టిన మంచుగడ్డ మీద పెట్టినట్లే." రెండవ మాట యిది: "దుప్పటివంటి లావు కోటు ఒక్కటి కొనుటకన్న పలుచని బట్టలు మూడు ఒకదానిపై ఒకటి తొడుగుట మేలు. వెచ్చదనమిచ్చునది బట్ట కాదు. బట్టకు బట్టకు నడుమ చిక్కుకొన్న గాలి."

ఆ మూడింటి వరుస ఆమె మాకు విప్పి చెప్పినది. ఒంటినంటియుండు మొదటి బట్ట నూలుది కారాదు. నూలు చెమటను త్రాగి తడిసి, ఆ తడితో ఒంటిని చల్లబరచును. కావున థర్మల్ అని అంగళ్ళలో అమ్ము లోబట్టలను తొడుగవలెను. రెండవది ఉన్ని స్వెట్టరు. మూడవది గాలి చొరనీయని పైవస్త్రము. ఇవి తొడిగిన చీర కట్టు చెడునేమోయని మేము సందేహింపగా ఆమె నవ్వి, పావడా క్రింద తొడుగు థర్మల్ పైజామా ఎవరికిని కనబడదనియు, మెడవరకును మూసియుండు నిడుచేతుల ఉన్ని రవికెలను ఉత్తరదేశపు స్త్రీలు చీరలకు తొడుగుదురనియు, అది చూచుటకు ఎంతయో హుందాగా నుండుననియు చెప్పినది.

మేజోళ్ళ విషయమున మన స్త్రీలకు మాత్రమే కలుగు చిక్కు ఒకటున్నది. కాలి మెట్టెలు ఉన్ని పోగులను పట్టి లాగును. బూటులో ప్రక్కవ్రేలిని ఒరయును. దానికి ఆమె చెప్పిన ఉపాయము మొదట పలుచని నూలు మేజోడు తొడిగి, దానిపై ఉన్ని మేజోడు తొడుగుట. బొటనవ్రేలికి వేరుగా గూడుగల మేజోళ్ళును దొరకును. వానితో మామూలు చెప్పులే వేసికొనవచ్చును. బూటులు కొన్నచో కొంత వదులుగా నుండవలెను. కాలిని బిగించిన బూటులో గాలి నిలువదు. రక్తమును సరిగా ఆడదు. కాలు మరింత చల్లబడును.

ఇంటికి వచ్చి పెట్టె తెరచితిమి. మా అత్తగారు అటుకుమీది నల్ల కంబళిని దింపించిరి. గొఱ్ఱెల మందలను మేపు కురుబలు నేసినది అది. తెలంగాణమున దానినే గొంగడి యందురు. నేసిన పిమ్మట చింతగింజల గంజి పట్టింతురు కనుక బిరుసుగా నుండును, ఒంటికి గుచ్చుకొనును, బరువును మెండు. దానిని చూడగానే మాకు ప్రాణము చివుక్కుమన్నది. రాజధానిలో, దేశదేశములవారు కూడినచోట, అత్తగారు కంబళి కప్పుకొని కూర్చున్నచో చూచువారేమనుకొందురో యని వెరచితిమి. ఆ మాట పైకి అనలేక, "బరువు ఎక్కువ అత్తా, పెట్టెలో పట్టదు" అంటిమి. ఆమె మా ముఖము చూచి, "సర్లేమ్మా, ఊరగాయ జాడీకన్నా సుడదాం, పగలకుండా ఉంటాది" అనిరి. మనుమరాలి కొరకు పెట్టిన నిమ్మకాయ ఊరగాయ జాడీకి ఆ కంబళిని నాలుగు మడతలుగా చుట్టి, పురికొసతో కట్టి, గోతపు సంచిలో నిలిపిరి. సంక్రాంతికి చేసిన కజ్జికాయలును, నువ్వులుండలును డబ్బాలకెత్తిరి. మామగారు ఇల్లు చూచుకొందునని నిలిచిపోయిరి. మేమును, మా వారును, అత్తగారును రాత్రి రైలెక్కి, తెల్లవారుసరికి కాచిగూడ చేరి, ఆ దినము మా చెల్లెలి యింట దిగితిమి.

చలికాలమున టిబెట్టువారు హైదరాబాదులో స్వెట్టరుల అంగళ్ళు పెట్టుదురు. కావలసినవన్నియు అచ్చటనే తీసికొంటిమి. ఇక్కడ మాకు తోచిన తెలివి ఒకటి చెప్పెదము. మొదట చీరకొక స్వెట్టరు చొప్పున చూడబోయితిమి; ధర విని వెనుకకు తగ్గితిమి. పిమ్మట వంగపండు రంగు స్వెట్టరు ఒకటి ఎంచుకొని, దానికి నప్పు చీరలు మూడు ఏరితిమి. స్వెట్టరు ఒక్కటియే యైనను, మూడు దినములును మూడు తీరులుగా కనబడితిమి. బరువును తగ్గెను, డబ్బును మిగిలెను. ఈ తెలివిని అంతటితో నిలుపుకొన్నచో బాగుండెడిది. కాని మరియొక అంగటిలో చిలుకపచ్చ అంచునకు పువ్వులు కుట్టిన శాలువ కనబడినది. అమ్మువాడు పష్మీనా యనెను. ఏడువందల రూపాయలకు పష్మీనా దొరకునా యని ఆలోచింపక, మాకొకటి, అత్తగారికొకటి కొంటిమి. అసలు పష్మీనా లడఖు ఎత్తుభూములలో మేయు చాంగ్‌థాంగీ మేకల లోవెండ్రుకలతో వడకినది. కాశ్మీరు పష్మీనాకు 2008లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ గుర్తుగల శాలువ వేలకువేలు ధర పలుకును. మేము కొన్నది కృత్రిమ నూలు. ఇది ఆనాడు తెలియలేదు. తరువాత చలి తెలిపినది.

ఆ రాత్రి 26వ తేదీ ఉదయము అత్తగారు తొడుగవలసిన థర్మల్ పైజామా, ఉన్ని మేజోళ్ళు రెండు జతలు విడిగా ఒక చిన్న మూటగట్టి, "దీనిని ఆనాటివరకు విప్పవద్దు" అని పెట్టెలో పెట్టితిమి.

మరునాడు ఢిల్లీ బండి ఎక్కితిమి. మధ్యాహ్నము నాగపురమున కిటికీ తెరచియే కూర్చుంటిమి. రాత్రి భోపాలు దాటినది మొదలు కిటికీ సందులనుండి చలి సూదులవలె దూరసాగినది. స్వెట్టరులన్నియు పెద్దపెట్టె అడుగున. పెట్టె క్రింది పలక క్రింద గొలుసుతో బిగించి. దానిముందు ఎవరిదో సామాను. దీపములార్పి అందరు నిద్రించు వేళ, ఆ సామాను జరిపి, గొలుసు విప్పి, చీకటిలో స్వెట్టరు వెదకుటకు మా వారు పడిన పాట్లు చెప్పనలవికావు. చలిదేశమునకు పోవువారు ఒక స్వెట్టరును, ఒక జత మేజోళ్ళను, చెవులకు కట్టు గుడ్డను చేతిసంచిలో పైననే ఉంచుకొనవలెను. చలి ఊరు చేరిన పిమ్మట రాదు, దారిలోనే ఎదురువచ్చును. మంచువలన బండి ఆలస్యముగా సాగి, 24వ తేదీ మధ్యాహ్నమునకు ఢిల్లీ చేరినది.

కరోల్‌బాగులో ఒక బసలో దిగితిమి. రెండుపూటలు అత్తగారు రజాయి విడిచి బయటకు రాలేదు. మేము మాత్రము బజారులో స్త్రీల వస్త్రధారణమును గమనించితిమి. అచ్చటివారు శాలువను భుజముపై మడతగా వేసికొని ఒక పిన్నుతో నిలుపుదురు. రెండు చేతులును పనికి ఖాళీగా నుండును. చీరపై నిడుపాటి కోటు తొడిగినవారు పైటకొంగును కోటు లోపలనే ఉంచి, కుచ్చిళ్ళు మాత్రము కనబడనిత్తురు. తలకు గుడ్డ కట్టనివారు, మెడకు మఫ్లరు చుట్టనివారు కనబడరు. అందమునకును వెచ్చదనమునకును వారు తగవు పెట్టుకొనలేదని మాకు తోచినది.

26వ తేదీ తెల్లవారుజామున మూడున్నరకు లేచితిమి. ఆ దినము మెట్రో రైలు 4 గంటలకే మొదలైనది. అత్తగారి మూట విప్పి చూచితిమి. దానిలో పైజామా లేదు, మేజోళ్ళు లేవు. మడత నలుగని ధర్మవరము పట్టుచీర ఉన్నది!

"ఏమత్తా యిది?" అని అడుగగా ఆమె తల వంచుకొని, "పాప అంత గొప్పగా నడిసే పొద్దు, నేను మగోళ్ళ మాదిరి పైజామా తొడుక్కోని పోవాల్నా? అది నా పెండ్లినాటి చీర. ఆ గుడ్డలు మీ సెల్లెలి బీరువాలో పెట్టొచ్చినా" అనిరి. ఆ వేళ ఏ అంగడి తెరచియుండును? మాకు కోపము రావలసినది; రాలేదు. ఆమె పట్టుచీర తెచ్చినదియు, మేము పువ్వుల శాలువ కొన్నదియు ఒక్క ఆశతోనే గదా! మా థర్మల్ పైజామాను, ఉన్ని మేజోళ్ళను విప్పి ఆమెకు తొడిగితిమి. పైన పట్టుచీర కట్టించితిమి. మాకు నూలు మేజోళ్ళు మిగిలినవి. పిమ్మట మూలనున్న గోతపు సంచి చూచి, మారుమాటాడక పురికొస తెంపి, ఊరగాయ జాడీనుండి కంబళిని విప్పి మా వారి భుజముపై వేసితిమి. నూనెవాసన కొంత కలదు. దానిని ఎవరును ఎత్తి పలుకలేదు.

ఉద్యోగ్‌భవన్ స్టేషనులో దిగి, మంచులో నడచి, కర్తవ్యపథము చేరితిమి. 2022 వరకు రాజపథమని పిలిచిన వీథియే అది. సంచులు, తినుబండములు, నీళ్ళసీసాలు లోనికి రానీయరు. ఒంటిపై నున్నదే మనది. అత్తగారి ఇన్‌హేలరును మా కొంగున ముడివేసికొంటిమి. వనితా పోలీసు ఒకతె కంబళి మడతలన్నియు తడిమి చూచి, ముక్కు ఎగబీల్చి, నవ్వి, పొమ్మన్నది.

కవాతు పదిన్నరకు. మేము కూర్చున్నది ఏడుగంటలకు. మూడున్నర గంటలు ఆ మంచులో కదలక కూర్చుండవలెను. గడియ గడచునప్పటికి మా పువ్వుల శాలువ మంచుకు తడిసి ఒంటికంటుకొన్నది; గాలి దానిలోనుండి జల్లెడలోనుండి వలె పోవుచుండెను. మా కాలివ్రేళ్ళు మావి కాకుండ పోయినవి. అత్తగారు నిద్రకు తూగకుండవలెనని ఆనాటి పండుగ కథ చెప్పితిమి. రాజ్యాంగము 1950 జనవరి 26న అమలునకు వచ్చినదనియు, దానిని వ్రాసిన సభలో మన రాజమండ్రి ఆడుబిడ్డ దుర్గాబాయిగారు సభ్యురాలనియు, ఆ సభ మొదటిసారి కూడినదియు ఇట్టి చలిలోనే, 1946 డిసెంబరు 9న, ఈ ఢిల్లీలోనే యనియు చెప్పుచుండగా, ఆమె ఊపిరిలో పిల్లికూత వినబడినది. మాట ఆపితిమి. కొంగుముడి విప్పుటకు మా వ్రేళ్ళు వంగలేదు. మా వారు పండ్లతో ఆ ముడి విప్పిరి. ఇన్‌హేలరు రెండు మారులు పీల్చిన పిమ్మట, మఫ్లరుతో ఆమె ముక్కును నోటిని కప్పి, కాపరులు వానలో వేసికొనునట్లు కంబళిని తలమీదుగా గుడిసెవలె కప్పితిమి. ఆ క్షణములు ఎంత దీర్ఘముగా గడచినవో దేవునికే తెలియును. "లేచి పోదమా అత్తా?" అంటిమి. ఆమె తల అడ్డముగా ఆడించిరి. కొంతసేపటికి కూత సన్నగిల్లినది. కంబళి అంచు ఎత్తి, "మీరూ రాండి లోపలికి" అనిరి. మేము ఆ నల్ల కంబళి క్రిందికి దూరితిమి. పైన మంచుబిందువులు పోగులపై ముత్యములవలె నిలిచినవి గాని లోనికి దిగలేదు. గంజి పట్టించిన ఆ బిరుసే గాలిని ఆపినది. ప్రక్కన కూర్చున్న హర్యానా ముసలమ్మ ఒకతె దాని కొన పట్టి చూచి, తన భాషలో ఏమో మెచ్చుకొన్నది.

ఐనను న్యాయము చెప్పవలెను. కంబళి ఒక్కటియే ఆమెను కాపాడలేదు. లోపలి పైజామాయు, కాళ్ళ ఉన్ని మేజోళ్ళును లేనిచో అది చాలియుండదు. లోన వెచ్చదనము నిలుపునది ఒకటి, పైన గాలి నాపునది ఒకటి, రెండును కావలెను. ఆమెకు మొదటిదానిపై చిన్నచూపు, మాకు రెండవదానిపై.

ఆ సంవత్సరము కవాతు ఆడువారిది. నూరుమంది స్త్రీలు శంఖములు, నాదస్వరములు, నగారాలు మ్రోయించుచు ముందు నడచిరి. మూడు సేనల ఆడువారును ఒకే దళముగా నడచిరి. అట్లు నడచుట అదియే మొదటిసారి. ఎన్.సి.సి. బాలికల దళము మంచులోనుండి వెలువడినప్పుడు మా కన్నులు మసకలైనవి. అందరిది ఒకే ఉడుపు, ఒకే అడుగు, ఒకే చేయి ఊపు. కన్నతల్లిమై యుండియు మా బిడ్డను మేము పోల్చలేకపోయితిమి. అత్తగారు మాత్రము కంబళి త్రోసివేసి, పట్టుచీర తళుక్కుమన లేచి నిలిచి, "అదిగో, మూడో వరసలో, ఈ కొసన! మన పాప!" అని కేక వేసిరి.

రెండు దినముల పిమ్మట శిబిరము వెలుపల పాప మమ్ము కలిసికొన్నది. కజ్జికాయలు ఆమెకు రెండే దక్కినవి. తక్కినవి తోడిపిల్లలు పంచుకొనిరి. చలి వేయలేదా యని అడుగగా, "నడుచువారికి చలి యెక్కడిదమ్మా? నిలుచున్నప్పుడే" అన్నది. ఏ వరుసలో నడచితివని మేము అడిగితిమి. ఆవలి ప్రక్క ఏడవ వరుసయట. అత్తగారు వెంటనే, "అదే! అదే వరస! నేను సెప్పలా?" అనిరి. పాప మా వైపు చూచి, నవ్వి, అవునన్నది.

ఎర్రగుంట్లకు వచ్చిన పిమ్మట స్వెట్టరులను, మేజోళ్ళను కుంకుడుకాయ నురుగుతో గోరువెచ్చని నీట ఉతికి, పిండక, నీడలో చాపపై పరచి ఆరబెట్టితిమి. ఉన్నిని తీగపై వేలాడదీసినచో సాగిపోవును. ఎండిన వేపాకు నడుమ చల్లి ఒక పెట్టెలో పెట్టితిమి. మా ఎండలలో వానిని తొడుగు దినము రాదు. రెండువేలు పెట్టి కొన్నవి పెట్టెలో చివికిపోవునే యని మేము చింతింపగా, అత్తగారు ఆ పెట్టెను వీధి సొత్తు చేసిరి. ఒకమారు ఉద్యోగపు పరీక్షకు ఢిల్లీకి పోయిన పిల్లవానివెంట అది పోయినది. 2025లో ప్రయాగ మహాకుంభమేళాకు పోయిన ఇరుగుపొరుగువారు స్వెట్టరులతోబాటు కంబళిని కూడ అడిగి తీసికొనిపోయిరి. మా యింట ఎవరును అడ్డు చెప్పలేదు.

ఇయ్యవలసి వచ్చినపుడెల్ల పెట్టెను అత్తగారే తెరతురు. తక్కినవి మమ్ము చూడుమందురు. మేజోళ్ళు మాత్రము ఆమెయే జతలుగా లెక్కపెట్టి, పుచ్చుకొనువారి చేతిలో పెట్టి, "తొడుక్కోండి, ఈడనే పెట్టి పోవాకండి" అని చెప్పి పంపుదురు.